వాణిజ్య లోటు మా నాలుగెకరాల దాకా వచ్చింది, ఎడిటర్ గారూ

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో ప్రతి నెలా పదిహేనో తేదీ అటూ ఇటూగా బిజినెస్ పేజీలో ఒక చిన్న వార్త పడతా ఉంటుంది, ఎగుమతులు ఇంత, దిగుమతులు ఇంత, వాణిజ్య లోటు ఇంత పెరిగింది లేదా ఇంత తగ్గింది అని. నాలుగు వాక్యాలు ఉంటాయి, పక్కన ఓడ మీద కంటైనర్ల ఫోటో ఒకటి. అదే రోజు జిల్లా పేజీలో తోతాపురి మామిడికి రేటు లేదని, శెనక్కాయ రైతు అప్పులపాలయ్యాడని ఇంకో వార్త ఉంటుంది. ఈ రెండు వార్తలూ ఒక్కటే సార్. నేను ముప్పై ఏడేళ్ళు బ్యాంకులో పనిచేసి రిటైర్ అయినాను, అందులో చాలా ఏళ్ళు చిత్తూరులోనే ఫారిన్ ఎక్స్ఛేంజ్ సీట్లో కూర్చున్నాను, మామిడి గుజ్జు ఎగుమతి చేసేవాళ్ళ బిల్లులు నా చేతి మీదుగా పోయినాయి, పూతలపట్టు దగ్గర మా నాయన ఇచ్చిన నాలుగెకరాలు కూడా ఉంది, అందుకని ఈ మాట చెప్పే అర్హత కొంచెం ఉందనుకుని రాస్తా ఉన్నాను, కాస్త పెద్ద ఉత్తరం అయినా దయచేసి చదవండి.

ముందు లెక్క చెప్తాను. 2024-25లో మన దేశం బయటికి పంపిన సరుకు సుమారు 43,700 కోట్ల డాలర్లు. తెచ్చుకున్నది సుమారు 72,000 కోట్ల డాలర్లు. తేడా 28,000 కోట్ల డాలర్ల పైనే. ఇది చూసి టీవీల్లో కొందరు దేశం మునిగిపోతా ఉందని అరుస్తారు, ఇంకొందరు ఇదేమీ పట్టించుకోవాల్సింది కాదంటారు. నాకు రెండూ సరిగ్గా అనిపించవు. ఒక ఇంటాయన బ్యాంకులో అప్పు తీసుకుని పాడి ఆవును కొంటాడు, పక్కింటాయన అదే అప్పు తీసుకుని తిరునాళ్ళకి ఖర్చు పెడతాడు, పాస్ పుస్తకంలో ఇద్దరి అంకె ఒకటే కదా. లోటు ఎంత అనేదాని కంటే ఏ సరుకు వల్ల వచ్చింది అనేదే నేను ముందు చూస్తాను. క్రూడ్ ఆయిల్ మన భూమిలో చాలినంత లేదు, మనకి కావాల్సిన దాంట్లో 85 శాతానికి పైగా బయట నుంచే రావాలి, అది లేకపోతే తిరుపతి నుంచి కొండకి బస్సు కూడా కదలదు. మిషన్లు వస్తాయి, చిప్పులు వస్తాయి, వాటితో ఇక్కడ పని పుడుతుంది. కానీ వంటనూనె? అది మన చేన్లో పండేదే కదా సార్. నేను అడగాలనుకున్న ప్రశ్న ఇదే.

లోటు అంటే ఏంటో నాకు అర్థమైంది 1991లో. అప్పుడు నాకు ముప్పై రెండేళ్ళు. దేశం దగ్గర ఉన్న విదేశీ డబ్బు రెండు మూడు వారాల దిగుమతులకి కూడా చాలదని పేపర్లలో వస్తా ఉండేది, మాకు మాత్రం రిజర్వ్ బ్యాంక్ సర్క్యులర్ల రూపంలో తెలిసేది. బయట నుంచి సరుకు తెచ్చుకోవాలంటే ఎల్‌సీ, అంటే సరుకు డబ్బుకి బ్యాంకు ఇచ్చే హామీ పత్రం, తెరవాలి కదా, దానికి కట్టాల్సిన మార్జిన్ డబ్బును పెంచుకుంటా పోయి చివరికి సరుకు విలువకి రెండింతలు చేసినారు. అంటే లక్ష రూపాయల సరుకు కావాలంటే రెండు లక్షలు ముందు బ్యాంకులో పెట్టాలి. ఒక చిన్న ఫ్యాక్టరీ ఆయన మిషన్ స్పేర్ పార్ట్ కోసం వచ్చి ఆ సర్క్యులర్ చదివించుకుని, ఏమీ మాట్లాడకుండా కుర్చీలో కాసేపు కూర్చుని లేచి వెళ్ళిపోయినాడు, ఆ మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. అదే ఏడాది జూలైలో రిజర్వ్ బ్యాంక్ దగ్గర్నుంచి దాదాపు 47 టన్నుల బంగారం విమానాల్లో పోయింది, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ దగ్గర, బ్యాంక్ ఆఫ్ జపాన్ దగ్గర తాకట్టుకి. అంతకు ముందే మే నెలలో 20 టన్నులు స్విట్జర్లాండ్ బ్యాంకుకి పోయి ఉంది. జూలై 1న ఒకసారి, 3న ఒకసారి రూపాయి విలువ తగ్గించినారు. మన తెలుగాయన పీవీ నరసింహారావు గారు ప్రధాని, మన్మోహన్ సింగ్ గారు ఆర్థిక మంత్రి, ఆ నెల 24న బడ్జెట్. మా బ్యాంకులో టీ తాగతా, ఇంట్లో ఆడవాళ్ళ గాజులు తాకట్టు పెట్టినట్టు అయింది కదా దేశం పని అని మేనేజర్ గారు అన్నారు, ఎవ్వరం నవ్వలేదు.

ఆ రోజులు మళ్ళీ వస్తాయని నేను చెప్పడం లేదు. ఇప్పుడు నిల్వలు చాలా ఉన్నాయి. సరుకుల్లో వచ్చే లోటుని సాఫ్ట్‌వేర్ లాంటి సేవల మిగులు, బయట దేశాల్లో పనిచేసే మనవాళ్ళు పంపే డబ్బు పూడుస్తా ఉన్నాయి. 2024-25లో సేవల మిగులు 18,000 కోట్ల డాలర్ల పైనే, మనవాళ్ళు పంపింది 13,500 కోట్ల డాలర్ల దగ్గర. బయటివాళ్ళకి పోయే వడ్డీలు, డివిడెండ్లు అన్నీ తీసేస్తే ఆ ఏడాది ఆఖరి లోటు 2,300 కోట్ల డాలర్లు, అంటే జీడీపీలో 0.6 శాతం. అది పెద్దదేం కాదు. కానీ ఆ పూడ్చేది ఎవరో చూడండి. మా వీధిలో ఎనిమిది ఇళ్ళు ఉంటే ఐదిళ్ళ పిల్లోళ్ళు బెంగళూరులోనో అమెరికాలోనో ఉన్నారు. రాజంపేట, పీలేరు వైపు పోతే ఇంటికొకరు కువైట్‌లో. నేను సీట్లో ఉన్నప్పుడు కువైట్ నుంచి డబ్బు వచ్చిందా అని అడగడానికి ఒక పెద్దావిడ నెలనెలా వచ్చేది, మనవరాలిని చంకనేసుకుని. కూతురు అక్కడ ఎవరింట్లోనో వంట చేస్తా ఉంది, ఈ బిడ్డని ఈమె పెంచతా ఉంది. "డబ్బు పడిందమ్మా" అంటే "మా కూతురు ఫోన్లో ఏడ్చింది సార్, బిడ్డ మాటలు విని" అని చెప్పేది, నేను అడక్కపోయినా. ఢిల్లీలో ఆ డబ్బుని రెమిటెన్సులు అని ఒక గడిలో వేస్తారు. ఆ గడి లేకపోతే ఈ దేశం లెక్క తేలదు.

ఇంక నూనె సంగతికి వస్తాను, ఈ ఉత్తరం రాసింది దాని కోసమే.

నా చిన్నప్పుడు మా నాలుగెకరాలూ శెనక్కాయే. వాన చేను, బావి లేదు. జూన్ జూలైలో పదును చూసి విత్తేది, ఊడలు దిగే టైంకి ఒక్క వాన పడితే పంట, పడకపోతే కట్టె. పడిన ఏడు మాత్రం ఇల్లంతా కాయలే, వామి వేసి, ఇంటిల్లిపాదీ కూర్చుని చెట్టు నుంచి కాయ దూసేవాళ్ళం, రాత్రి పూట పెట్రోమాక్స్ లైట్ కింద. ఇంటికి కావాల్సినంత ఉంచుకుని గానుగకి వేస్తే ఏడాదికి సరిపడా నూనె వచ్చేది, చెక్క ఆవులకి. మా అమ్మ ఆ నూనెని జాడీలో పోసి, అడుగున మడ్డి దిగిన తర్వాత పైనదాన్ని గరిటెతో తీసి ఇంకో జాడీకి మార్చేది. దోసె పెనం మీద ఆ నూనె వాసన వస్తే పక్కింటివాళ్ళకి తెలిసేది మా ఇంట్లో ఏం చేస్తా ఉన్నారో.

దేశం మొత్తం చూసినా అప్పట్లో నూనెకి కరువే, బయట నుంచి తెచ్చుకునేవాళ్ళం. 1986లో నూనెగింజల మీద టెక్నాలజీ మిషన్ అని ఒక పథకం పెట్టినారు రాజీవ్ గాంధీ గారి టైంలో, కొత్త విత్తనాలు, మద్దతు ధర, కొనుగోలు అన్నీ కలిపి. పదేళ్ళు తిరగక ముందే నూనెగింజల ఉత్పత్తి దాదాపు రెండింతలైంది, 1993-94 నాటికి మన నూనె మనమే చేసుకునే స్థితికి దగ్గర దగ్గరగా వచ్చినాం. దీన్ని పసుపు విప్లవం అంటారు. హరిత విప్లవం గురించి పిల్లోళ్ళ పుస్తకాల్లో ఉంటుంది, దీని గురించి ఎవరూ చెప్పరు, చెప్తే ఆ తర్వాత ఏమైందో కూడా చెప్పాల్సి వస్తుంది. 1994లో పామాయిల్ నుంచి తీసే పామోలిన్ నూనె దిగుమతికి గేట్లు తెరిచినారు, మొదట 65 శాతం సుంకంతో. ఏడాదికింత తగ్గించుకుంటా 1998 కల్లా 15 శాతం దగ్గరికి తెచ్చినారు. పట్నంలో నూనె చౌక అయ్యింది, నిజమే, పేదవాళ్ళకి మేలు జరిగింది, దాన్ని నేను కాదనను. కానీ మా నాయన 1996లో కాయలు బండికేసుకుని మిల్లుకి పోతే అక్కడ వ్యాపారి చెప్పిన మాట ఇది: "పెద్దాయనా, మద్రాసులో ఓడ మీద నూనె దిగతా ఉంది, నీ కాయలు ఆ రేటుకి నేనెట్లా కొనేది?" మా నాయనకి ఆ నూనె వచ్చే ఇండోనేషియా ఎక్కడుందో తెలీదు. ఆ రేటుకే ఇచ్చేసి వచ్చినాడు. మరుసటేడు రెండెకరాల్లో, ఆ పై ఏడు మిగతా రెండెకరాల్లో తోతాపురి మొక్కలు నాటేసినాడు. మా చుట్టుపక్కల చాలామంది అదే చేసినారు. పామోలిన్ ఒక్కటే కారణం అనను, వానలు, కూలీలు, విత్తనం ఖర్చు, అడవి పందులు అన్నీ ఉన్నాయి, కానీ రేటు నిలబడి ఉంటే ఆ కష్టాలన్నీ పడేవాళ్ళే.

ఇప్పుడు చూడండి, ఏడాదికి మనం తినే నూనె సుమారు 250 లక్షల టన్నులు, అందులో 160 లక్షల టన్నుల దాకా బయటిదే. పామాయిల్ ఇండోనేషియా, మలేషియా నుంచి, సోయా అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి, పొద్దుతిరుగుడు రష్యా, ఉక్రెయిన్ వైపు నుంచి. ఖర్చు ఏడాదికి 1,700 కోట్ల డాలర్ల దగ్గర. మొత్తం సరుకుల లోటులో ఇది సుమారు ఆరు శాతమే, క్రూడ్ ముందు చిన్నదే. కానీ క్రూడ్‌ని మా చేన్లో పండించలేం, దీన్ని పండించగలం.

ఈ మధ్య మా వీధి చివర అంగడికి పోయినాను. అంగడాయన ముందు ఒక అమ్మాయి నూనె ప్యాకెట్ తిప్పి చూస్తా ఉంది, ముందు వైపు ఏదో పూల బొమ్మ. వెనక చిన్న అక్షరాల్లో చూస్తే పామోలిన్. గానుగ నూనె కూడా పెట్టినాడు అదే అలమరలో, దాని రేటు దీనికి రెండింతల పైనే. "ఇదే కొనుక్కోవాలని ఉంది అన్నా, నెలకి నాలుగు లీటర్లు కావాలి, ఎక్కడి నుంచి తెచ్చేది" అని ఆ అమ్మాయి ప్యాకెట్టే తీసుకుని పోయింది. ఆ అమ్మాయిది తప్పు అని నేను అనలేను. లీటరు నూనెకి రెండున్నర కేజీల దాకా శెనక్కాయ పప్పు పడుతుంది, రైతుకి గిట్టుబాటు ధర ఇచ్చి తీసిన నూనె ఆ రేటే ఉంటుంది. స్వదేశీ కొనండి అని చెప్పడం సులభం సార్, కొనే చెయ్యి ఏమి సంపాదిస్తుందో కూడా చూడాలి కదా. కానీ 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు, ఏప్రిల్ 28 నుంచి మూడు వారాల పైన ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసినప్పుడు, ఇదే అంగట్లో ఇదే ప్యాకెట్ రేటు వారానికి ఒకటి మారింది. ఎక్కడో జకార్తాలో సంతకం పెడితే చిత్తూరులో బోండాల బండి ఆయన నూనె తగ్గించుకోవాల్సి వచ్చింది. చౌక అని పక్కవాడి మీద ఆధారపడితే ఆ చౌక ఎన్నాళ్ళుండేదీ వాడే నిర్ణయిస్తాడు.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. ఆ ఇండోనేషియానే మన శెనక్కాయలు కొనేవాళ్ళలో పెద్దది. మనం వాళ్ళకి పప్పు అమ్ముతాం, వాళ్ళు మనకి పామాయిల్ అమ్ముతారు. మన పప్పులో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉందని అప్పుడప్పుడు అభ్యంతరం పెడతారు, యూరప్ వాళ్ళయితే ఇంకా గట్టిగా చూస్తారు. ఆ బూజు ఎక్కడ పుడుతుంది? పీకిన చెట్లు వానకి తడిసి, కాయ సరిగ్గా ఆరకముందే గోతాలకెత్తితే పుడుతుంది. మంచి కల్లం, మీద కప్పడానికి టార్పాలిన్, తేమ చూసే చిన్న మిషన్, ఇంతే కావాల్సింది. తిరుపతిలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది, నారాయణి, ధరణి లాంటి మంచి శెనక్కాయ రకాలు అక్కడి నుంచే వచ్చినాయి, ధరణి వాన వెనకబడినా కొంచెం ఓర్చుకుంటుంది. విత్తనం తయారుచేసే బుర్ర మన జిల్లాల్లోనే ఉంది, దాన్ని ఆరబెట్టుకునే గచ్చు మాత్రం లేదు.

సుంకం సంగతి ఒకటి చెప్పి మామిడికి పోతాను. 2024 సెప్టెంబర్‌లో ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద బేసిక్ సుంకం సున్నా నుంచి 20 శాతానికి పెంచినారు. రైతులకి మంచిదే అనుకున్నాం. తొమ్మిది నెలలు కాలేదు, 2025 మే 30న దాన్ని 10 శాతానికి దించేసినారు. అది సరిగ్గా ఖరీఫ్ విత్తనాలు పెట్టే ముందు. ధరలు పెరిగితే జనం తిడతారు, అది ప్రభుత్వానికి భయం, అర్థం చేసుకోగలను. కానీ ఈ ఏడు శెనక్కాయ వేయాలా, టమాటా వేయాలా అని చేను గట్టు మీద ఆలోచించే రైతుకి ఆ సుంకమే ముఖ్యం, అది మారింది అనే సంగతి కూడా అతనికి చేరదు. 2021లో పామాయిల్ మిషన్ అని ఒక పథకం 11,040 కోట్ల రూపాయలతో పెట్టినారు, పామాయిల్ తోటలు మన రాష్ట్రంలోనే ఎక్కువ, మంచిదే, కానీ దానికి నీళ్ళు కావాలి, గోదావరి జిల్లాల్లో కుదురుతుంది, మా మెట్ట చేన్లలో ఎట్లా కుదురుతుంది. మాది శెనక్కాయ నేల.

సరే, మామిడి. మా నాయన దిగుమతి దెబ్బకి శెనక్కాయ వదిలి ఎగుమతి పంట పెట్టుకున్నాడు అని చెప్పినాను కదా. మొదట్లో బాగుండింది. తోతాపురి గుజ్జు సౌదీకి, యెమెన్‌కి, కువైట్‌కి, నెదర్లాండ్స్‌కి పోతుంది. నేను సీట్లో కూర్చుని అదే చూసేవాణ్ణి, 3.1 కేజీల డబ్బాలు పెట్టెకి ఆరు చొప్పున, లేదంటే క్రిములు చేరని అసెప్టిక్ సంచి పెట్టిన ఇనుప డ్రమ్ములు, ఇరవై అడుగుల కంటైనర్‌కి ఎనభై దాకా. చెన్నై పోర్టులో ఎక్కించినాక బిల్ ఆఫ్ లేడింగ్ అనే ఓడ రసీదు, ఇన్వాయిస్, ల్యాబ్ సర్టిఫికెట్ అన్నీ మా టేబుల్ మీదికి వచ్చేవి. బ్రిక్స్, అంటే గుజ్జులో తీపి కొలత, పద్నాలుగుకి తక్కువ ఉండకూడదు అని ఎల్‌సీలో ఉంటే సర్టిఫికెట్‌లో ఆ ముక్క ఉందా లేదా అని చూడాలి, కొనేవాడి పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా అక్కడి బ్యాంకు డబ్బు ఆపేస్తుంది. ఒకసారి జెడ్డా అనే మాట స్పెల్లింగ్ రెండు కాగితాల్లో రెండు రకాలుగా ఉండి ఇరవై రోజులు డబ్బు ఆగిపోయింది, ఆ ఇరవై రోజులూ ఆ ఫ్యాక్టరీ రైతులకి డబ్బు ఇవ్వలేదు. ఎల్‌సీలో ఒక అక్షరానికీ బంగారుపాళ్యంలో ఒక రైతు కూతురి పెళ్ళికీ అంత దగ్గర సంబంధం ఉంటుంది సార్.

2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలైనాయి, ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది, కంటైనర్ బాడుగలు పెరిగినాయి. 2024లో తీసిన గుజ్జు గోడౌన్లలో మిగిలిపోయింది. 2025లో కాపు విరగ్గాసింది. మేం ట్రాక్టర్‌కి కాయలు ఎత్తుకుని ఒక ఫ్యాక్టరీ ముందు రెండు రాత్రులు నిలబడినాం, ముందు వెనక కనుచూపు మేర ట్రాక్టర్లే, కింద వరస కాయలు మెత్తబడి రసం రోడ్డు మీదికి కారతా ఉంది, ఈగలు. డ్రైవర్ పిల్లోడు ఆ రసం మీద మట్టి పోస్తా "సార్, ఇది డబ్బే కదా కారేది" అన్నాడు. ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం కేజీకి 12 అని ప్రకటించినారు. ప్రభుత్వం ఆ 4 రూపాయలు ఇవ్వడం మంచి పనే, లేకపోతే కాయ కోసే కూలి కూడా రాదు. కానీ మాకు 8 దక్కలేదు, వాళ్ళు చెప్పిన రేటుకి దించేసి ఇంటికి వచ్చినాం. పాత గుజ్జు అంత మిగిలి ఉందని రైతులకి ఎవరూ చెప్పలేదు. ఫ్యాక్టరీలకి తెలుసు. బ్యాంకులకి తెలుసు, ఎందుకంటే ఆ గుజ్జు తాకట్టు మీదే అప్పు ఇస్తారు, ప్రతి నెలా ఎన్ని డ్రమ్ములు ఉన్నాయో స్టాక్ స్టేట్‌మెంట్ బ్యాంకుకి ఇవ్వాలి. నేనే ఏళ్ళ తరబడి ఆ స్టేట్‌మెంట్లు తీసుకున్నాను. ఆ కాగితాలు నా టేబుల్ మీద ఉన్నంత కాలం, ఇది రైతుకి కావాల్సిన సమాచారం అని నాకు తట్టలేదు. ఇప్పుడు ట్రాక్టర్ పక్కన నిలబడితే తెలిసింది.

పచ్చి సరుకు ఎక్కువ, తయారైన సరుకు తక్కువ అమ్మడం మన అలవాటు. మన గుజ్జు డ్రమ్ముల్లో పోయి అక్కడ జ్యూస్ సీసా అవుతుంది. తిరుమలలో భక్తులు ఇచ్చే తలనీలాలు కూడా అంతే, టీటీడీ ఈ-వేలంలో అమ్ముతుంది, మన దేశం వెంట్రుకలకి ప్రపంచమంతా గిరాకీ, కానీ విగ్గు తయారీలో పెద్ద లాభం చైనా లాంటి చోట్లకే పోయేది. 2022 జనవరిలో పచ్చి వెంట్రుకల ఎగుమతి మీద ఆంక్ష పెట్టినారు, 2025 జనవరిలో కేజీకి 65 డాలర్ల కంటే తక్కువకి పంపకూడదని చెప్పినారు. తక్కువ రేటు చూపించి దొంగదారిన పంపే పనికి ఇది అడ్డం పడుతుంది, ఇక్కడ పని చేసే చేతులకి కూడా ఊతం. ఇట్లాంటి నిర్ణయం గుజ్జు విషయంలో ఆలోచిస్తే బాగుంటుంది, నిషేధం వద్దు, జ్యూస్ దాకా ఇక్కడే చేసేవాళ్ళకి కరెంటులో, వడ్డీలో సాయం చేయండి.

శ్రీసిటీ పారిశ్రామిక వాడ గురించి కూడా ఒక మాట. 2015 నుంచి అక్కడ ఫోన్లు బిగిస్తా ఉన్నారు, సత్యవేడు, తడ వైపు పల్లెల ఆడపిల్లలు బస్సుల్లో షిఫ్టులకి పోయి వస్తా ఉంటే చూడ్డానికి సంతోషంగా ఉంటుంది. 2024-25లో దేశం మొత్తం మీద స్మార్ట్‌ఫోన్ల ఎగుమతి 2,400 కోట్ల డాలర్లు అయ్యింది, పదేళ్ళ క్రితం ఎవరూ అనుకోలేదు. అయితే లోపలి భాగాలు చాలావరకు బయటివే, అదే ఏడాది చైనాతో మన లోటు 9,900 కోట్ల డాలర్లు. ఫోన్ మొత్తం రేటూ మన ఎగుమతి గడిలో పడుతుంది, లోపలి భాగాల రేటు దిగుమతి గడిలో పడుతుంది, రెండూ కలిపి చూస్తేనే మన చేతికి మిగిలింది తెలుస్తుంది. బిగించడం దగ్గర మొదలుపెట్టి భాగాల దాకా ఎదగొచ్చు, చైనా కూడా అట్లానే ఎదిగింది, దీన్ని నేను తక్కువ చేయను.

బంగారం గురించి చెప్తే మా ఇంట్లోనే తిడతారు, అయినా చెప్తాను, ఏడాదికి 5,800 కోట్ల డాలర్లు 2024-25లో, అంటే వంటనూనెకి మూడింతల పైన. 2024 జూలైలో సుంకం 15 నుంచి 6 శాతానికి తగ్గించినారు. ఎక్కువ పెడితే దొంగ రవాణా, తక్కువ పెడితే దిగుమతి, దీనికి తేలికైన మందు లేదు. ఆడపిల్లకి పెట్టే బంగారం మన దగ్గర అమ్మానాన్నల భరోసా, బ్యాంకు మీద అంత నమ్మకం వచ్చేదాకా అది ఆగదు.

2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల మీద 50 శాతం సుంకం వేసినప్పుడు నెల్లూరు వైపు రొయ్యల రైతులు ఎట్లా అల్లాడినారో మీ పేపర్లోనే చదివినాను. ఎగుమతి పంట వేసిన రైతుకి ఎప్పుడూ ఉండే భయం అదే, రేటు తన ఊర్లో తేలదు. దిగుమతితో పోటీపడే పంట వేసినా అంతే. మా నాలుగెకరాల్లో మా నాయన రెండోది చూసినాడు, నేను మొదటిది చూసినాను.

అందుకని మీకు, మీ ద్వారా అధికారులకి నేను అడిగేది చెప్తాను. ప్రతి ఏప్రిల్‌లో మామిడి సీజన్‌కి ముందు చిత్తూరు, తిరుపతి జిల్లాల ఫ్యాక్టరీల్లో మొత్తం ఎన్ని టన్నుల పాత గుజ్జు ఉందో కలెక్టర్ గారు బ్యాంకుల నుంచి, ఫ్యాక్టరీల నుంచి తెప్పించుకుని బయటపెట్టాలి. ఏ ఫ్యాక్టరీలో ఎంత అని అక్కర్లేదు, మొత్తం చెప్తే చాలు, ఎవరి వ్యాపార రహస్యమూ పోదు. ఆ అంకె తెలిస్తే రైతు కొంత కాయని పచ్చిగా ఉన్నప్పుడే ఆవకాయకి, ఒరుగులకి అమ్ముకుంటాడు, అందరూ ఒకే పది రోజుల్లో ఫ్యాక్టరీ ముందు పడరు. నూనె మీద సుంకం మార్చాలనుకుంటే శెనక్కాయ విత్తే జూన్ జూలైలోనూ, పీకే అక్టోబర్ నవంబర్‌లోనూ మార్చొద్దని మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి, పార్టీ ఏదైనా సరే. 2025-26కి శెనక్కాయ మద్దతు ధర క్వింటాల్‌కి 7,263 రూపాయలు అని ప్రకటించినారు, కాగితం మీద మంచి ధర, కొనుగోలు కేంద్రం లేని చోట అది కాగితమే. మీరు కూడా ఒక పని చేయండి సార్, నెలనెలా వచ్చే ఆ లోటు వార్త కింద నూనెల మీద ఆ రోజున్న సుంకం ఎంత, మార్కెట్ యార్డులో కాయ రేటు ఎంత అని రెండు లైన్లు వేయండి, ఎక్కువ చోటు పట్టదు.

మా తోటలో పాత చెట్లు ఒకటిన్నర ఎకరంలో కొట్టేయించినాను. మా అబ్బాయి బెంగళూరు నుంచి ఫోన్ చేసి, నాయనా నీకెందుకు ఇప్పుడు ఈ కష్టం అన్నాడు. వాళ్ళ అమ్మకి ఇంటి నూనె కావాలని చెప్పినాను, అది నిజమే. ధరణి విత్తనం తెచ్చి పెట్టినాను, మొన్న పడిన వానకి మొలక బాగా వచ్చింది. అక్టోబర్ ఆఖరుకి పీకుతాం. మా మండలానికి కొనుగోలు కేంద్రం ఎక్కడ పెడతారో, కాయలో తేమ ఎంత ఉంటే తీసుకుంటారో అధికారుల దగ్గర కనుక్కుని, పీకడానికి నెల ముందే మీ జిల్లా పేజీలో వేస్తారని ఎదురుచూస్తా ఉంటాను.

ఇట్లు,
రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, మీ పాఠకుడు,
చిత్తూరు.